గాదెలో మొక్కజొన్న, బడిలో ఫీజు: మలావీ పల్లెలో డాక్యుమెంటరీ తీయబోతున్న పాఠకుడికి

ప్రశ్న: నేను నాలుగేళ్లుగా మలావీ రాజధాని లిలాంగ్వేలో అకౌంటెంటుగా పనిచేస్తున్నాను. మాది ప్రకాశం జిల్లా టంగుటూరు దగ్గర ఒక పల్లె, నాన్న పొగాకు రైతు. ఇక్కడ మా మిత్రబృందం కసుంగు జిల్లాలో పదిహేను మంది ఆడపిల్లల సెకండరీ చదువు ఖర్చులు భరిస్తోంది. ‘గ్రామీణ ఆఫ్రికా: జీవితాలను మార్చిన చదువు’ అనే పేరుతో ఇరవై ఐదు నిమిషాల డాక్యుమెంటరీ తీయాలనుకుంటున్నాను. కెమెరా ఉంది, స్నేహితుల పెళ్లిళ్లకు వీడియోలు తీసిన అనుభవం ఉంది, రెండు వారాల సెలవు ఉంది. ఎవరిని తీయాలి, అనుమతులు ఎవరి దగ్గర తీసుకోవాలి, ఆ కుటుంబాలకు డబ్బు ఇవ్వవచ్చా? సినిమా చూసినవారు ఇంకొందరు పిల్లలకు సాయపడాలన్నది నా కోరిక. నా పేరు వేయవద్దు.

సమాధానం: మీ ఉత్తరంలో మీరు యథాలాపంగా రాసిన ఒక మాటే నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచింది. నాన్నగారు పొగాకు రైతు అన్న మాట అది. దాని దగ్గరికి కాసేపట్లో వస్తాను. ముందుగా సినిమా పేరులోంచి ఆఫ్రికాను తీసేయండి. యాభై నాలుగు దేశాల ఖండం ఇరవై ఐదు నిమిషాల్లో ఇమడదు. ఇమిడ్చబోయినవారు చాలామంది చివరికి ఎర్రమట్టి దారి, పరుగెత్తే పిల్లలు, ఒంటరి చెట్టు వెనక దిగుతున్న సూర్యుడు అనే మూడు షాట్ల దగ్గర చతికిలబడ్డారు. ప్రాథమిక విద్యలో ఫీజు రద్దు అనే ఒక్క సంగతిని తీసుకున్నా అది మలావీలో 1994లో, ఉగాండాలో 1997లో, కెన్యాలో 2003లో జరిగింది. మూడు చోట్లా కారణాలు వేరు, తర్వాత జరిగినవీ వేరు. కెన్యాలో ఆ నిర్ణయం పుణ్యమా అని ఎనభై నాలుగేళ్ల కిమానీ మరూగే 2004లో ఎల్డొరెట్‌లోని బడికి వెళ్లి ఒకటో తరగతిలో చేరారు, ప్రపంచమంతా ఆయన్ను చూసి ముచ్చటపడింది. మలావీలో అలాంటి ముచ్చటైన బొమ్మ దొరకదు. అక్కడ దొరికేది కిక్కిరిసిన తరగతి గది.

ఆ గది ఎలా కిక్కిరిసిందో మీ సినిమాలో ఒక్క నిమిషమైనా చెప్పాలి. 1994 మే నెలలో మలావీలో బహుళపక్ష ఎన్నికలు జరిగి, దేశాన్ని ముప్పై ఏళ్లు ఏలిన హేస్టింగ్స్ బండా పాలన ముగిసి, బకిలి ములుజి అధ్యక్షుడయ్యారు. ఎన్నికల్లో ఇచ్చిన మాట ప్రకారం ఆ ఏడాదే ప్రాథమిక విద్యలో ఫీజు ఎత్తివేశారు. దాదాపు 19 లక్షలుగా ఉన్న విద్యార్థుల సంఖ్య ఒక్క ఏడాదిలో సుమారు 30 లక్షలకు చేరింది. గదులు చాలక చెట్ల కింద తరగతులు నడిపారు, ఉపాధ్యాయులు చాలక దాదాపు 20,000 మందిని నామమాత్రపు శిక్షణతో తరగతుల్లోకి పంపారు. నేటికీ కింది తరగతుల్లో ఒక్క టీచరు ముందు వందమందికి పైగా పిల్లలు నేలమీద కూర్చుని ఉండటం పల్లెల్లో వింత కాదు. మీ పదిహేను మంది అమ్మాయిలు అలాంటి గదుల్లో ఎనిమిదేళ్లు కూర్చుని, ఎనిమిదో తరగతి చివర ప్రభుత్వ పరీక్ష గట్టెక్కి, సెకండరీకి ఎంపికైనవారు. వారితోపాటు ఒకటో తరగతిలో చేరిన పిల్లల్లో చాలామంది దారిలోనే ఆగిపోయారు. వారు ఎక్కడికీ పోలేదు. అదే ఊళ్లో, అదే చేతిపంపు దగ్గర ఉన్నారు. చదువు ఒకరి జీవితాన్ని మార్చిందని చెప్పదలిస్తే, అదే బడిలో కూర్చున్న మరొకరి జీవితాన్ని ఎందుకు మార్చలేకపోయిందో కూడా చెప్పాలి. ఆగిపోయిన ఒక్క అమ్మాయినైనా మీ సినిమాలో ఉంచండి. జాలి కోసం ఉంచవద్దు, ఆమె లెక్క ఆమె నోట వినడానికి ఉంచండి.

కసుంగు అనగానే మీకు ఎవరో ఒకరు విలియం కంక్వాంబా పేరు చెప్పే ఉంటారు. ఆయనది ఆ జిల్లాలోనే వింబే. 2001-02 కరువులో ఇంట్లో తిండికే లేక, ఫీజు కట్టలేక సెకండరీ బడి మానేసిన కుర్రవాడు, ప్రాథమిక పాఠశాలలోని చిన్న గ్రంథాలయంలో దొరికిన భౌతికశాస్త్ర పుస్తకాలు చూసి, పాత సైకిలు భాగాలతో, యూకలిప్టస్ దుంగలతో గాలిమర కట్టి ఇంట్లో దీపం వెలిగించాడు. 2007లో టాంజానియాలోని అరూషాలో వేదికెక్కి మాట్లాడాడు, 2014లో అమెరికాలో డార్ట్‌మత్ కళాశాల నుంచి పట్టా పుచ్చుకున్నాడు. గొప్ప కథే. కానీ నిదానంగా చూస్తే అది బడి గెలిపించిన కథ కాదు, బడి బయటికి పంపిన కథ. ఆ పిల్లవాడిని నిలబెట్టింది ఎవరో దానమిచ్చిన పుస్తకాల అలమర. మీరు మాత్రం రెండో కంక్వాంబాను వెతకవద్దు. మన పత్రికల్లో ఏటా పదో తరగతి ఫలితాల రోజున ‘కూలి బిడ్డకు రాష్ట్రస్థాయి మార్కులు’ అన్న వార్త, నోట్లో మిఠాయి పెడుతున్న తల్లి ఫొటో వస్తాయి కదా, ఆ పిల్ల ఇంటర్‌లో ఎక్కడ చేరింది, హాస్టలు ఫీజు ఎవరు కట్టారు అన్నది మరుసటి జూన్‌లో ఎవరూ రాయరు. మీరు తీయవలసింది ఆ రాయని భాగం.

ఇప్పుడు నాన్నగారి సంగతికి వస్తాను. మీరు పుట్టింది పొగాకు ఊళ్లో, ఇప్పుడు కెమెరా పట్టుకుని వెళుతున్నది మలావీలో పొగాకుకు పెట్టింది పేరైన జిల్లాకు. ఇంతకంటే మంచి అర్హత ఏ సినిమా బడిలోనూ దొరకదు. టంగుటూరు వైపు వర్జీనియా ఆకును బ్యారన్లలో వేడిగాలికి క్యూరింగ్ చేస్తారు, కసుంగులో ఎక్కువగా బర్లీ రకం, గడ్డి కప్పిన పందిళ్ల కింద మామూలు గాలికే ఆరుతుంది. తేడా అంతవరకే. ఆకు గ్రేడు చేసే చేతులు, బేళ్లు వేలం కేంద్రానికి పోయే రోజున ఇంట్లో కమ్ముకునే మౌనం, బిడ్డర్లు నడిచిపోతూ చెప్పిన ధరకు రైతు ముఖం మారడం మీకు చిన్నప్పటి నుంచీ తెలుసు. మీ ఇంట్లో మీ ఫీజు ఏ నెలలో కట్టారో ఒకసారి గుర్తు చేసుకోండి. ఆ ప్రశ్నే మీ సినిమాకు వెన్నెముక అవుతుంది.

ఎందుకంటే అక్కడి ఏడాది ఇలా నడుస్తుంది. బడి సెప్టెంబరులో తెరుస్తారు. నవంబరు చివరో డిసెంబరులోనో వాన మొదలవుతుంది, విత్తనానికీ ఎరువుకూ ఇంట్లో ఉన్నదంతా పోతుంది. జనవరి నుంచి మార్చి దాకా ఆకలి నెలలు. పాత మొక్కజొన్న అయిపోతుంది, కొత్తది ఇంకా చేలో పచ్చిగా ఉంటుంది. సరిగ్గా ఆ జనవరిలోనే రెండో టర్మ్ మొదలై హాస్టలు డబ్బో, గది అద్దో, పుస్తకాలో, యూనిఫారమో మీద పడతాయి. పొగాకు వేలం లిలాంగ్వేలో ఏప్రిల్ ప్రాంతంలో గాని మొదలు కాదు. అంటే డబ్బు కావలసిన నెలకూ, డబ్బు చేతికొచ్చే నెలకూ మధ్య ఒక మూడు నెలల గొయ్యి ఉంది. చాలామంది పిల్లలు బడి మానేది తెలివి లేకనో తల్లిదండ్రులకు చదువు విలువ తెలియకనో కాదు, ఆ గోతిలో పడి. ఆ నెలల్లో ఇల్లు గడవడానికి పెద్దలతోపాటు పిల్లలూ పక్కవారి పొలాల్లో దినకూలికి, అక్కడి చిచేవా భాషలో ‘గన్యు’కు పోతారు. గన్యుకు పోయిన రెండు వారాలు నాలుగవుతాయి, బడిలో పేరు కొట్టేస్తారు.

అందువల్ల మీ రెండు వారాల సెలవును ఒక్కసారిగా ఖర్చు చేయవద్దని నా గట్టి సలహా. మీరు విమానమెక్కి వెళ్లవలసిన మనిషి కారు. లిలాంగ్వే నుంచి కసుంగు ఎం-1 రోడ్డు మీద నూట ముప్పై కిలోమీటర్ల లోపే. ఆ పద్నాలుగు రోజులను నాలుగు ముక్కలు చేయండి. సెప్టెంబరులో బడి తెరిచినప్పుడు మూడు రోజులు, జనవరి చివర నాలుగు రోజులు, ఏప్రిల్‌లోనో మేలోనో పొగాకు అమ్మకాల వేళ మూడు రోజులు, జూలైలో ఏడాది ముగిసేటప్పుడు నాలుగు రోజులు. ప్రతిసారీ అదే ఇల్లు, అదే అమ్మాయి, అదే దారి. చూసేవాడికి మార్పు తెలియాలంటే మారనిది ఒకటి తెర మీద ఉండాలి కదా. దానికి నేను సూచించేది ఆ ఇంటి గాదె. అక్కడి రైతుల పెరట్లో వెదురుతో అల్లిన గుండ్రటి మొక్కజొన్న గాదె ఉంటుంది, దాన్ని న్‌ఖోక్వే అంటారు. వెళ్లిన ప్రతిసారీ, ఒకే చోట ట్రైపాడ్ పెట్టి, ఒకే ఎత్తు నుంచి గాదె లోపల మొక్కజొన్న ఎంతవరకు ఉందో తీయండి. సెప్టెంబరులో గింజలు ఎక్కడ ఉన్నాయో, జనవరిలో అల్లిక మీద దుమ్ము గీత ఎక్కడ మిగిలిందో చూపితే, కరవు గురించి మీరు ఒక్క వాక్యం వ్యాఖ్యానం చెప్పనక్కరలేదు.

పదిహేను మందిలో ఎవరిని ఎంచుకోవాలన్నది అసలు చిక్కు. మీ మిత్రులు తరగతిలో మొదటి స్థానంలో ఉన్న అమ్మాయిని చూపిస్తారు. ఇంగ్లీషు ధారాళంగా మాట్లాడుతుంది, డాక్టరవుతానంటుంది. ఆమెను వదిలేయండి. మార్కులు మధ్యస్థంగా ఉన్న, వచ్చే టర్మ్‌కు ఉంటుందో లేదో ఎవరూ చెప్పలేని అమ్మాయిని తీసుకోండి. ముఖ్యంగా ‘సెల్ఫ్ బోర్డర్లు’ అని పిలిచే పిల్లలను చూడండి. మలావీలో సెకండరీ సీట్లలో పెద్ద భాగం కమ్యూనిటీ డే సెకండరీ స్కూళ్లవి, వాటికి హాస్టలు ఉండదు. ఇల్లు పది పదిహేను కిలోమీటర్లు ఉంటే, బడి దగ్గర ఊళ్లో ఇద్దరు ముగ్గురు అమ్మాయిలు కలిసి ఒక గది అద్దెకు తీసుకుంటారు. ఆదివారం సాయంత్రం ఇంటి నుంచి మొక్కజొన్న పిండి మూట నెత్తిన పెట్టుకుని వస్తారు, శుక్రవారానికి పిండి అడుగంటుతుంది. తలుపు గడియ సరిగా పడదు, పెద్ద దిక్కు ఉండదు. పదిహేనేళ్ల పిల్ల అలా ఉండటంలో ఎన్ని ప్రమాదాలున్నాయో మీకు నేను విడమరచి చెప్పనక్కరలేదు. చదువు మానేసిన అమ్మాయిల్లో చాలామంది కథ ఆ గదుల్లోనే మలుపు తిరిగింది. ఆ గది తలుపు గడియను, దగ్గరగా, పది సెకన్లు తీయండి.

పెళ్లిళ్ల విషయం కూడా వస్తుంది, రాక తప్పదు. 2015 చట్టం పెళ్లి వయసును పద్దెనిమిదిగా నిర్ణయించింది. కానీ తల్లిదండ్రుల అంగీకారంతో పదిహేనేళ్లకే చేయవచ్చన్న వెసులుబాటు రాజ్యాంగంలో 2017 సవరణ దాకా ఉండిపోయింది. ఈలోగా డెడ్జా జిల్లాలో తెరెసా కచిందమోతో అనే సీనియర్ చీఫ్, తన ఏలుబడిలోని గ్రామపెద్దల చేత సంతకాలు పెట్టించి, బాల్యవివాహాలను వందల సంఖ్యలో రద్దు చేసి, అమ్మాయిలను తిరిగి బడికి పంపారు. మాట వినని గ్రామపెద్దలను పదవి నుంచి తప్పించారు. ఈ సంగతి మీకెందుకు చెబుతున్నానంటే, మలావీ పల్లెలో చదువు అనేది బడికీ ఇంటికీ మధ్య తేలే వ్యవహారం కాదు. గ్రామపెద్ద, అతని పైన కొన్ని ఊళ్లకు కలిపి గ్రూప్ విలేజ్ హెడ్‌మన్, ఆ పైన ట్రెడిషనల్ అథారిటీ అనే సంప్రదాయ పెద్ద, ఇలా ఒక వరస ఉంటుంది. బడికి అనుబంధంగా తల్లుల బృందాలు ఉంటాయి, మానేసిన అమ్మాయిల ఇళ్లకు వెళ్లి మళ్లీ తీసుకొచ్చేది ఎక్కువగా వారే. ఆ ఊరి ఆడవాళ్లు నడుపుకునే పొదుపు సంఘం ఒకటి ఉంటుంది, దాన్ని ‘బాంక్ మ్‌ఖొండే’ అంటారు. ఖొండే అంటే ఇంటి అరుగు, కాబట్టి అరుగు మీది బ్యాంకు అన్నమాట. మన డ్వాక్రా సంఘాలు చూసినవారికి ఆ సమావేశం చూడగానే సొంత ఊళ్లో ఉన్నట్టనిపిస్తుంది. జనవరి ఫీజు గోతిని పూడ్చే అప్పు చాలా ఇళ్లకు అక్కడి నుంచే వస్తుంది. మీ మిత్రబృందం కంటే ముందు నుంచి పిల్లలను చదివిస్తున్నది ఈ అరుగులే. వాటికి మీ సినిమాలో కనీసం దాతలకు ఇచ్చినంత చోటు ఇవ్వండి.

అనుమతుల క్రమం కూడా ఈ వరసలోనే ఉంటుంది. జిల్లా విద్యాధికారి కార్యాలయంలో, అక్కడ డిస్ట్రిక్ట్ ఎడ్యుకేషన్ మేనేజర్ అంటారు, రాతపూర్వకంగా అడిగి ఉత్తరం తీసుకోండి. ఆ ఉత్తరంతో ప్రధానోపాధ్యాయుడి దగ్గరికి, ఆయనతో కలిసి గ్రామపెద్ద దగ్గరికి, ఆ తర్వాతే ఇంటికి. డ్రోన్ ఎగరేయాలన్న ఉబలాటం ఉంటే పౌర విమానయాన అధికారుల అనుమతి విడిగా కావాలి. కసుంగులో 2017లో మానవతా అవసరాల కోసం డ్రోన్ పరీక్షలకు ప్రత్యేక కారిడారే తెరిచారు, కనుక అక్కడివారికి డ్రోన్ కొత్త కాదు; కానీ మీ కథ నేలమీద, గాదె ఎత్తులో నడుస్తుంది కాబట్టి దాన్ని ఇంట్లోనే ఉంచమంటాను.

ఇంటి ముందుకు చేరాక ‘ఓది, ఓది’ అని పిలిచి, లోపలి నుంచి జవాబు వచ్చేదాకా ఆగాలి. మీరు నాలుగేళ్లుగా ఉన్నారు కాబట్టి ఇది మీకు తెలుసు. అయితే కెమెరా చేతిలో ఉన్నవాడు సాధారణంగా ఈ మర్యాదను మరిచిపోతాడు. కారు దిగేటప్పుడే రికార్డింగ్ నొక్కి ఉంటాడు. మీ విషయంలో ఇంకో మెలిక ఉంది. ఆ ఊళ్లో మిమ్మల్ని తెల్లవాడిగా, అంటే అజుంగుగా చూడరు. అమ్వెన్యేగా, అంటే భారతీయుడిగా చూస్తారు. ఆ మాటకు దుకాణదారు అన్న నీడ ఉంది. 1970లలో బండా ప్రభుత్వం భారత సంతతి వర్తకులను పల్లెల నుంచి ఖాళీ చేయించి కొన్ని పట్టణాలకే పరిమితం చేసింది, ఆ జ్ఞాపకాలు పెద్దవారిలో రెండు రకాలుగానూ ఉంటాయి. కాబట్టి మీరు ఎవరో, జీతం ఎవరిస్తారో, ఈ సినిమా ఎక్కడెక్కడ చూపిస్తారో మొదటి రోజే చెప్పండి. నాన్నగారి పొలం ఫొటోలు ఫోన్‌లో ఉంటే చూపించండి. ఆకు చూసి గ్రేడు చెప్పగలిగినవాడు మీ అతిథేయికి వెంటనే మనిషిగా కనిపిస్తాడు.

అంగీకారపత్రం మీద సంతకం తీసుకోవడం తేలిక, అంగీకారం తీసుకోవడం కష్టం. ఈ పాఠం నేను సొంత తప్పుతో నేర్చుకున్నాను. చాలా ఏళ్ల కిందట మహబూబ్‌నగర్ జిల్లాలోని ఒక పల్లెబడి గురించి చిన్న చిత్రం తీశాను. అందులో పదో తరగతి పాసైన ఒక అమ్మాయి తన తండ్రి తాగుడు గురించి నాలుగు మాటలు చెప్పింది. చెప్పేటప్పుడు ఆమె గొంతు వణికింది, ఎడిటింగ్ టేబుల్ దగ్గర అది నాకు బంగారంలా కనిపించింది. నగరంలో వేసిన ప్రదర్శనలో జనం కళ్లు తుడుచుకున్నారు. తర్వాత ఆ చిత్రం వారి మండలంలో కేబుల్ టీవీలో వచ్చింది. ఆ అమ్మాయి తల్లి కొన్ని నెలలు ఊరి కుళాయి దగ్గరికి వెళ్లడమే మానేసి, చీకటి పడ్డాక పక్క వీధి నుంచి నీళ్లు తెచ్చుకున్నదని నాకు ఏడాది తర్వాత తెలిసింది. సంతకం ఉంది, తండ్రి వేలిముద్ర కూడా ఉంది. వాటి వల్ల ఆ తల్లికి ఒరిగింది ఏమీ లేదు. అందువల్ల మీరు ప్రతి విడత చిత్రీకరణ తర్వాత ఆ ఇంటికి తీసిన ముక్కలు చూపించి, మళ్లీ అడగండి. ఆఖరి కూర్పు పూర్తయ్యేదాకా ఏ ముక్కనైనా తీసేయించే హక్కు వారికి ఉందని నోటితో చెప్పండి, గ్రామపెద్ద ఎదుట చెప్పండి. అమ్మాయి వద్దన్నదాన్ని తండ్రి సరే అన్నా పెట్టవద్దు. బిడ్డను కని మళ్లీ బడికి వచ్చిన అమ్మాయి ఎవరైనా ఉంటే ఆమె ముఖం, ఊరి పేరు, బడి పేరు చూపవద్దు. ఆమె పలక పట్టుకున్న చేతులు, మాటలు చాలు.

డబ్బు సంగతి. ఇంటర్వ్యూకు డబ్బు ఇవ్వకండి. ఇస్తే మీకు కావలసిన కథే వినిపిస్తుంది. అయితే మీ కోసం ఒక రోజు గన్యుకు పోలేకపోయిన తల్లికి ఆ రోజు కూలి ఇవ్వడం వేరు, అది న్యాయం, ఇవ్వండి. దీనికంటే పెద్ద ప్రశ్న జనవరిలో మీ ముందుకు వస్తుంది. మీరు ఎంచుకున్న అమ్మాయికి గది అద్దె కట్టలేక ఇంటికి పంపించేసే పరిస్థితి వచ్చిందనుకోండి. మీ జేబులో ఆ డబ్బు ఉంది. కడితే కథలో వేలుపెట్టినట్టు, కట్టకపోతే కథ కోసం పిల్ల చదువు చెడగొట్టినట్టు. డాక్యుమెంటరీ తీసేవారిలో కొందరు జోక్యం చేసుకోకూడదని వాదిస్తారు. నేను వారితో ఏకీభవించను. కట్టండి. కట్టి, కట్టిన సంగతి సినిమాలో మీ గొంతుతోనే చెప్పండి: ఇక్కడ ఈ కథ ఆగిపోవలసి ఉంది, నేను ఇంత కట్టాను కాబట్టి ముందుకు నడిచింది, పక్క గదిలోని అమ్మాయికి నేను కట్టలేదు అని. ఆ మూడు ముక్కల్లో మీరు అడగదలచిన సాయం కూడా ఉంది, మరి విడిగా విజ్ఞప్తి అక్కర్లేదు.

సాంకేతిక విషయాల్లో రెండు మూడు మాత్రం చెబుతాను, మిగతావి మీకు పెళ్లిళ్ల వీడియోలు నేర్పే ఉంటాయి. బడుల మీద ఉండేవి రేకు కప్పులు. వాన పడితే ఆ చప్పుడుకు టీచరు మాట మొదటి వరసకు కూడా వినపడదు, పాఠం ఆగిపోతుంది, పిల్లలు ఊరికే కూర్చుంటారు. మీకు అది చెడిపోయిన రికార్డింగ్‌లా అనిపిస్తుంది. కాదు, అదే దృశ్యం. వాన కాలపు టర్మ్‌లో ఎన్ని గంటల చదువు అలా పోతుందో ఆ చప్పుడే చెబుతుంది, రెండు నిమిషాలు ఆపకుండా తీయండి. రెండోది వెలుతురు. గదుల కిటికీలు చిన్నవి, బయట ఎండ తీవ్రం. కెమెరాను ఆటోలో వదిలితే అది కిటికీని చూసుకుని నల్లని ముఖాలను ఇంకా చీకట్లోకి నెడుతుంది. ముఖానికి ఎక్స్‌పోజర్ పెట్టండి, కిటికీ తెల్లబారిపోతే పోనివ్వండి. చాలా ఊళ్లలో కరెంటు ఉండదు, బ్యాటరీలు లెక్కకు రెండింతలు పట్టుకెళ్లండి. ఉదయం గంజి పోసే బడి అయితే తెల్లవారుజామునే వెళ్లండి. మలావీలో మేరీస్ మీల్స్ సంస్థ 2002లో మొదలుపెట్టిన పథకం కింద చాలా బడుల్లో తల్లులే వంతులవారీగా వచ్చి, మొక్కజొన్న సోయా పిండితో గంజి కాస్తారు. పొగ, రంగురంగుల ప్లాస్టిక్ కప్పుల వరస, గరిటె పెద్దపెద్ద డేగిసాకు తగిలే చప్పుడు ఉంటాయి. అయితే ఎవరు వచ్చారు అన్నదానికంటే ఆ రోజు ఎవరి కప్పు రాలేదు అన్నది కనిపెట్టండి.

భాష విషయంలో రాజీ పడకండి. అమ్మాయి ఇంగ్లీషులో మాట్లాడితే బడిలో నేర్పిన వాక్యాలు వస్తాయి, చిచేవాలో మాట్లాడితే ఇల్లు వస్తుంది. అనువాదానికి మీ మిత్రబృందం ఉద్యోగిని గాని, ఆ బడి టీచరును గాని పెట్టుకోవద్దు. ఫీజు కట్టేవారి మనిషి ఎదుట ఏ కుటుంబమూ కష్టం ఉన్నదున్నట్టు చెప్పదు. లిలాంగ్వేలో చదువుకునే ఒక యువతిని, వీలైతే పల్లె నుంచి వచ్చినామెను, రోజువారీ పారితోషికం ఇచ్చి తీసుకెళ్లండి. కూర్పు వేళ కూడా ఆమె పక్కన ఉండాలి, ఎందుకంటే మీరు అందంగా ఉందని కోసి పెట్టుకున్న ముక్కలో మాట సగంలో తెగిపోయిన సంగతి మీకు తెలియదు. టైటిల్స్‌లో ఆమె పేరు మీ పేరు పక్కనే వేయండి.

మీ మిత్రబృందంతో ముందే ఒక కాగితం రాసుకోండి. ఆఖరి కూర్పు మీద నిర్ణయం మీదేనని, దాతలు చెక్కు అందిస్తున్న దృశ్యం ఉండదని, సినిమాలోని అమ్మాయి సాయం సినిమాతో సంబంధం లేకుండా సెకండరీ పూర్తయ్యేదాకా కొనసాగుతుందని అందులో ఉండాలి. మూడోది అన్నిటికంటే ముఖ్యం. మొహమాటపడి ఆ కాగితం రాసుకోకపోతే, కూర్పు వేళ ప్రతి మిత్రుడికీ ఒక సలహా ఉంటుంది, ప్రతి సలహాకూ నేపథ్య సంగీతం ఉంటుంది.

సినిమా పూర్తయ్యాక మొదటి ప్రదర్శన లిలాంగ్వే హోటల్లో కాదు, ఆ ఊళ్లో వేయండి. అంతకు ముందురోజు ఆ ఇంట్లో, తలుపు వేసి, అమ్మాయికీ తల్లికీ మాత్రమే లాప్‌టాప్‌లో చూపించండి. వారు చూస్తున్నప్పుడు తెర వైపు మీరు చూడకండి, వారి చేతుల వైపు చూడండి. ఎక్కడ తల్లి కొంగు, అక్కడైతే ఆడవాళ్లు చుట్టుకునే చితెంజె గుడ్డ చెంగు, నోటికి అడ్డం పెట్టుకుందో ఆ నిమిషం రాసుకుని, వారు అడగకపోయినా ఆ ముక్క గురించి మీరే అడగండి.

ఇవన్నీ మొదలయ్యే ముందు వచ్చే శనివారం ఒకసారి కసుంగు వెళ్లి రండి, కెమెరా తీసుకెళ్లకుండా. ఒక నోటుపుస్తకం చాలు. మీరు లెక్కలు రాసే మనిషి కాబట్టి ఆ ఇంటి ఏడాది జమాఖర్చు ఒక పేజీలో రాయండి: ఏ నెలలో ఎంత వచ్చింది, ఏ నెలలో ఏ పిల్లకు ఎంత పోయింది, అప్పు ఎవరి దగ్గర, ఏ వడ్డీకి. తిరిగి బయలుదేరే ముందు పెరట్లోకి వెళ్లి గాదెలో మొక్కజొన్న ఎంత ఎత్తు ఉందో అడిగి, తారీఖు వేసి, ఆ పేజీ అడుగున రాసుకోండి.